తోమా నెత్తిన సర్కారు ముద్ర

అపొస్తలుడైన తోమా నడినెత్తిన ప్రభుత్వ సుత్తితో ముద్ర కొట్టినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పలు చెప్పుకోవడంలో నేనెంత ఆరితేరినవాణ్ణో, ఆ విద్య నన్ను ఒక వానాకాలం ఉదయం ఎక్కడికి తెచ్చి ఇరికించిందో చెప్పడానికే రాస్తున్నాను. కొత్తగా ఖాకీ తొడుక్కున్న పిల్లలు చదివితే సంతోషం. నవ్వితే ఇంకా సంతోషం. ఇప్పటికీ తలుచుకుంటే ఒంటరిగా ఉన్నా నాకు నవ్వొస్తుంది. మా ఇంట్లో వాళ్లు తలుపు తీసి చూసి, తోమా గుర్తొచ్చి ఉంటాడులే అనుకుని వెళ్లిపోతారు.

అప్పటికి నాకు ఉద్యోగం ఒక్క ఏడాది మిగిలి ఉంది. డిప్యూటీ రేంజ్ ఆఫీసరుగా ఒక చెక్‌పోస్టు నా అధీనంలో ఉండేది. చండ్రుగొండకూ భద్రాచలం రోడ్డుకూ మధ్య ఎక్కడో, అని మాత్రం చెప్తాను. ఒక అడ్డకర్ర, రేకుల గది, బల్ల, రెండు కుర్చీలు, వచ్చే పోయే బండ్ల రిజిస్టరు. అడవి నుంచి ఏ కర్ర బయటికి వెళ్లాలన్నా, బయటి కర్ర అడవి దారిన వెళ్లాలన్నా పర్మిట్ కాగితం చూపాలి. కాగితం లేకపోతే కర్రను సీజ్ చేసి, సుత్తితో ముద్ర వేసి, కేసు రాయాలి. ఇంతకు మించి మా పని గురించి మీకు ఇక్కడ అక్కర్లేదు.

నా గురించి మాత్రం కొంచెం అక్కర. మాది ఎర్రుపాలెం వైపు. మా తాతగారి కాలంలో మా ఇంటిని జనం ఇల్లు అనేవారు కాదు, దివాణం అనేవారు. ఆరు టేకు స్తంభాల చావిడి. ఆ స్తంభాలను ఒక్క మనిషి కౌగిలించుకుంటే చేతులు కలిసేవి కావు. ఆ తర్వాత అలాంటి కుటుంబాలన్నిటికీ జరిగిందే మాకూ జరిగింది. మిగిలింది నా వీపు ఒక్కటే. నేను కుర్చీలో వీపు ఆనించి కూర్చోగా చూసినవాళ్లు లేరు. గంజిపెట్టిన చొక్కా వానలో తడిసినా మడత పోనిచ్చేవాణ్ణి కాదు. ఎవరైనా మా ఊరి సంగతి ఎత్తితే, "దివాణం నిలబడే ఉంది. రిపేర్లు జరుగుతున్నాయి" అనేవాణ్ణి. అప్పటికి పన్నెండేళ్లుగా అలా అంటూనే ఉన్నాను.

చెక్‌పోస్టులో నాతోపాటు పనిచేసే బీట్ ఆఫీసరు ఒక అమ్మాయి. పాతికేళ్లుంటాయి. అడవిలో నాకంటే రెండింతలు నడిచేది, నోటితో పది రెట్లు. ఒకసారి ఆమె ఎంతో వినయంగా, "సార్, తాజ్‌మహల్ గూడ జల్దీనే అయినట్టున్నది గద సార్" అంది. నేను మరింత నిటారుగా కూర్చుని రిజిస్టరులోకి చూశాను. ఆమెకు అదే జవాబు.

జూన్ ఆఖరున, సన్నగా ముసురు పడుతున్న ఒక ఉదయం, ట్రాలీ ఆటో ఒకటి వచ్చి అడ్డకర్ర దగ్గర ఆగింది. వెనకాల పాత చీరలో చుట్టి, తాళ్లతో కట్టి, పొడుగ్గా ఏదో పడుకోబెట్టి ఉంది. పక్కన ఒక ముసలాయన దాని మీద గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. తాను మాత్రం తడుస్తున్నాడు. బీట్ ఆఫీసరు చీర కొంగు కొంచెం పక్కకు జరిపి, ఒక్క గెంతు వెనక్కి గెంతింది.

"సార్! మనిషి!"

నేను పరుగెత్తాను. నా ఉద్యోగంలో పరుగెత్తిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"మనిషి కాదు బిడ్డా," అన్నాడు ముసలాయన. "అపొస్తలుడు."

"ఏ ఊరాయన?" అంది ఆమె.

"ముందుగాల గలిలయ. ఎన్కశిరి మన దిక్కే వచ్చిండు."

"మన దిక్కంటే? తల్లాడనా?"

"మద్రాసు."

చీర తీసి చూస్తే, అరటిచెట్టంత నిటారుగా ఉన్న టేకు విగ్రహం. నాలుగున్నర అడుగులు. గడ్డం, పొడుగు అంగీ, కుడిచేతిలో వడ్రంగులు వాడే మూలమట్టం. కళ్లు మాత్రం నన్నే అనుమానంగా చూస్తున్నట్టున్నాయి. నా కళ్లు కూడా ఆయన్ని అలాగే చూశాయి.

ముసలాయన చెప్పింది ఇది. ఆయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ముందున్న పల్లెలో వాళ్ల సంఘం కొత్త గుడి కట్టుకుంది. మూడు రోజుల్లో, జూలై మూడున, ఏసు శిష్యుడైన తోమా పండుగ. ఆ రోజే గుడి తెరవడం, విగ్రహం నిలపడం. తనే చెక్కాడు, మూడేళ్లు పట్టింది.

"పర్మిట్?" అన్నాను.

"ఈయనకు పర్మిటేంది సారూ? రెండు వేల ఏండ్ల కింద సముద్రం దాటి వచ్చినోడు."

"ఆయనకు కాదు. కర్రకు. ఈ టేకు ఎక్కడిది?"

"తల్లాడల పాత కలప అమ్మేటాయన కాడ కొన్న. ఎర్రుపాలెం దిక్కు ఎవలో దొరల ఇల్లు కూలగొడితే వచ్చిన స్తంభమని చెప్పిండు. ఇప్పుడు ఆయన దుకానం గూడ లేదు సారూ, ఎత్తేసిండు."

నా వీపు మీద బల్లి పడ్డట్టయింది. అలాంటప్పుడు మనిషి గొంతు ఎందుకో పెద్దదవుతుంది. "ప్రతి కలప దొంగా ఇదే కథ చెప్తాడు. సీజ్ చెయ్యండి," అన్నాను.

 ముసలాయన గొడుగు ఇంకా తోమా మీదే పట్టుకుని ఉన్నాడు.

ఇక ముద్ర సంగతి. పట్టుకున్న దుంగకు రెండు చివరలా సుత్తి ముద్ర పడాలని మాకు నేర్పారు. సుత్తి మొహాన అక్షరాలు ఉంటాయి. గట్టిగా కొడితే కర్రలో దిగిపోతాయి. విగ్రహాన్ని పడుకోబెట్టి ముందు పాదాల కింద, పీఠం అడుగున ఒకటి కొట్టాను. తర్వాత ఇటువైపు నడిచి వచ్చాను.

"సార్, నెత్తి మీదనా?" అంది బీట్ ఆఫీసరు.

"రెండు చివరలా ఉండాలి. రెండో చివర ఎక్కడుందో నువ్వే చూపించు."

ఆమె విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, చాలా బాధగా, "నెత్తి మీదనే ఉన్నది సార్," అంది.

కొట్టాను. ఠక్కుమంది. ముసలాయన చెయ్యి చటుక్కున తన నెత్తి మీదకు వెళ్లింది.

పంచనామా కూడా నేనే చెప్పి రాయించాను. "సదరు కలపను క్షుణ్ణంగా పరిశీలించడమైనది" అనే వాక్యం అందులో ఉంది. అది ప్రతి పంచనామాలోనూ ఉంటుంది. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి.

కలప డిపోకు పంపడానికి ఆ వానలో లారీ దొరకలేదు. తోమాను తెచ్చి నా గదిలో, నా బల్ల పక్కనే నిలబెట్టారు. ఆయనా నిటారే, నేనూ నిటారే. సాయంత్రం డ్యూటీ దిగేముందు బీట్ ఆఫీసరు గుమ్మంలోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "గుడ్ ఈవినింగ్ సార్," అంది. కాసేపాగి, "మీక్కూడ సార్," అంది. రెండోది నాకో మొదటిది నాకో ఇప్పటికీ తేలలేదు.

రేంజ్ ఆఫీసరుకు ఫోన్ చేశాను. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, నా పై అధికారి. కుర్రాడే అయినా నన్ను మర్యాదగానే పలకరించేవాడు.

"విగ్రహం పట్టుకున్నరట?"

"కలపను పట్టుకున్నాను."

"ముద్ర గూడ వేసిండ్రా?"

"నిబంధన ప్రకారం. రెండు చివరలా."

 అవతల ఫోను ఎక్కడో దూరంగా పెట్టి ఎవరో దగ్గుతున్నట్టు, నవ్వుతున్నట్టు వినబడింది. మళ్లీ ఫోన్లోకి వచ్చి, గొంతు సర్దుకుని చెప్పాడు: "సరే. అది పాత ఇంటి కర్రే అని ఆ ఇంటివాళ్లు ఎవరైనా రాసిస్తే, మనం చూసి వదిలేయొచ్చు. ఎవరూ రాసియ్యకపోతే కోర్టుకు పోతది. ముసలాయన మీద కేసు తప్పదు. పండుగకు మాత్రం అందది."

ఆ ఇంటివాళ్లు ఎవరైనా. ఆ మాట చెవిలో పడ్డాక నేను చేసిన పనేమిటంటే, కుర్చీని తోమా వైపు కాకుండా కిటికీ వైపు తిప్పుకోవడం.

మర్నాడు పొద్దున్నే ముసలాయన టిఫిన్ డబ్బాతో సహా వచ్చాడు. బస్సు దిగి, వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. లోపలికి రానిమ్మని అడగలేదు. తలుపులోంచి తోమా కనబడే చోటు చూసుకుని కూర్చున్నాడు, అంతే. కాసేపటికి బీట్ ఆఫీసరు టీ తెచ్చి ఒకటి ఆయన చేతికిచ్చి, పక్కనే కూలబడింది.

"తాతా, గింతమంది దేవుళ్లుండంగ ఈయననే ఎందుకు పట్టుకున్నవ్?"

"ఈయన దేవుడు కాదు బిడ్డా, దేవుని శిష్యుడు. కర్రపనోడు. నేను గూడ కర్రపనోణ్ణే. బాయిల పైకప్పు కింద దిమ్మెలు నిలబెట్టుడే నా డ్యూటీ. ముప్పై ఏండ్లు నిలబెట్టిన. ఒక దినం కప్పు కూలింది. అన్ని దిమ్మెలు ఇరిగినయ్. ఒక్కటి నిలబడ్డది. దాని పక్కన నేనున్న. నన్ను బయటికి తీసేదాక ఆ దిమ్మెను పట్టుకునే ఉన్న. అప్పుడు మొక్కుకున్న. కర్ర నన్ను నిలబెట్టింది, నేను బతికి బయటవడితే నీ పేరు మీద కర్రను నిలబెడత అని."

లోపల నేను రిజిస్టరు రాస్తున్నాను. ఒకే అంకెను మూడుసార్లు దిద్దాను.

"మరి ఈయన చూపేంది గట్లున్నది? మా సారు బండ్లు చెక్ చేసేటప్పుడు చూసినట్టు?"

"ఈయన అందర్లెక్క కాదు. ప్రభువు సమాధిల నుంచి లేచి వచ్చిండని మిగతా పదిమంది చెప్పిండ్రు. ఈయన ఆ పూట ఆడ లేడు. నేను నమ్మనన్నడు. ఆయన చేతుల మేకుల గాయం చూడాలె, పక్కల బల్లెం పోటుల నా చెయ్యి పెట్టాలె, అప్పుడే నమ్ముతనన్నడు."

"అంటే, పర్మిట్ చూపియ్ అన్నట్టు!"

"అవ్, గట్లనే."

"సార్!" అని లోపలికి కేకేసింది. "ఈయన మన డిపార్ట్‌మెంటోడే సార్!"

నేను గొంతు సవరించుకున్నాను. అది నవ్వును మింగడానికి అని ఆమెకు తెలియకూడదని నా తాపత్రయం.

ఆ మధ్యాహ్నం రాజుగారి మేడ కథ వచ్చింది. ఒక రాజు తోమాను పిలిచి, నువ్వు మంచి పనిమంతుడివట, నాకో మేడ కట్టు అని బోలెడు ధనమిచ్చి ఊరికి వెళ్లాడట. తోమా ఆ ధనమంతా బీదసాదలకు పంచిపెట్టాడు. రాజు తిరిగొచ్చి, మేడేదీ అంటే, కట్టాను, పరలోకంలో ఉంది, ఇప్పుడు కనబడదు అన్నాడట. రాజు ఆయన్ని చెరసాలలో వేయించాడు. అదే సమయానికి రాజు తమ్ముడు చచ్చిపోయి, పైకి వెళ్లి, అక్కడ ఆ మేడను చూసి, ఇందులో ఒక గది నాకియ్యమని అడగడానికి బతికి లేచి వచ్చాడట.

బీట్ ఆఫీసరు కడుపు పట్టుకుని నవ్వింది. "తాతా, అయితే ఆ మేడ గూడ మా సారు దివాణం లెక్కనే! ఉన్నదంటరు, ఎవలకు కనబడది!"

"సారుకు దివాణమున్నదా?"

"ఉన్నది. రిపేర్లు నడుస్తున్నయ్."

నేను కిటికీలోంచి వానను చూస్తున్నాను. వానలో చూడటానికి ఏమీ లేదు.

"ఆఖరుకు ఈయనేమైండు తాతా?"

"మద్రాసు కాడ కొండ మీద బల్లెంతోని పొడిచి చంపిండ్రంటరు. చూడు బిడ్డా, ప్రభువు పక్కల బల్లెం పోటు చూస్తేగాని నమ్మనన్నడు. ఆఖరుకు ఈయనకు గూడ అదే తాకింది. అందుకనే ఈ బొమ్మ పక్కలున్న బొక్కను పూడ్వలే. స్తంభం కొన్ననాడే దాని పక్కకు ఒక బొక్కుండె. లక్క పెట్టి మూద్దామనుకున్న. మళ్ల లెక్క చూసుకుంటే అది సరింగ కుడిపక్క డొక్కల కాడికి వచ్చింది. ఇది నేను చేసింది కాదు, ఉండనీ అనుకున్న."

నా పెన్ను ఆగిపోయింది.

చావిడిలో ఎడమవైపు మూడో స్తంభం. దానికి ఒకప్పుడు లాంతరు తగిలించే ఇనుప కొక్కెం ఉండేది. కొక్కెం ఊడిపోయి బొక్క మిగిలింది. ఆరేళ్లప్పుడు నేను అందులో చూపుడువేలు దూర్చాను. లోపల విరిగిన మేకు ఒకటి పైకి వంగి ఉంది. అది పట్టేసింది. ఇల్లంతా పరుగులు. మా నాయనమ్మ నువ్వుల నూనె గిన్నెతో వచ్చింది. తాతగారు మాత్రం కుర్చీలోంచి కదలకుండా, "మన స్తంభమే, మనవాణ్ణే పట్టుకుంది. ఏడవకు, వదిలేస్తుంది," అన్నారు. వేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

విగ్రహం నా మోచేతికి మూడడుగుల దూరంలో ఉంది. లేచి ఆ పక్కకు వెళ్లి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. నేను లేవలేదు. ఆ రోజూ లేవలేదు, మర్నాడూ లేవలేదు. తోమాను అందరూ అనుమానపు మనిషి అంటారు. ఆ రెండు రోజులూ నాకు అర్థమైంది వేరు. ఆయన చూపించమని అడిగాడు. చూపిస్తే నమ్మడానికి సిద్ధపడి అడిగాడు. నేను చూస్తే ఎక్కడ నమ్మాల్సి వస్తుందోనని చూడకుండా కూర్చున్నాను. ఇద్దరి వీపులూ నిటారుగానే ఉన్నాయి గానీ, ఆయనది ధైర్యం.

పండుగ పొద్దున వాన కొంచెం తెరిపిచ్చింది. తొమ్మిదింటికి రోడ్డు మలుపులోంచి డప్పులు వినబడ్డాయి. తర్వాత బ్యాండు. తర్వాత గొడుగులు, నలభై యాభై మంది, కొత్త బట్టలు, చెప్పులకు బురద. ముందు మోటారు సైకిలు మీద వాళ్ల ఫాదర్, ఆ పక్కన నడుస్తూ ముసలాయన. వాళ్లంతా వచ్చి అడ్డకర్ర అవతలే ఆగిపోయారు. నేను టోపీ సర్దుకుని, గొడవ అవుతుందనుకుని, గొడవకు తగిన మొహం పెట్టుకుని వరండాలోకి వచ్చాను.

ముసలాయన చేతులు జోడించాడు. "ఇడిచిపెట్టమని అడగం సారూ. సర్కారు కాయిదం కాయిదమే. పండుగ గద, గుళ్లె ఆయన జాగ ఖాళీగున్నది. ఈడనే ఆయన ముంగట ఒక పాట పాడుకొని పోతం."

గొడవ అయి ఉంటే నేను గెలిచేవాణ్ణి. పాటను ఏం చెయ్యాలో ఏ నిబంధనలోనూ లేదు.

వాళ్లు పాడటం మొదలుపెట్టారు. బీట్ ఆఫీసరు నా పక్కకు వచ్చి, మొదటిసారి నవ్వకుండా, చిన్న గొంతుతో అంది: "సార్, పంచనామాల క్షుణ్ణంగా పరిశీలించినమని రాసినం. నేను సంతకం పెట్టిన. కాని మనం చూడలే సార్. మీరు ముద్ర కొట్టిండ్రు, నేను తాడు పట్టుకున్న. ఎవలం చూడలే. ఒక్కసారన్న చూడుండ్రి."

ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాని పిల్ల ముప్పై మూడేళ్ల సర్వీసుకు చెప్పిన మాట అది. నేను లోపలికి వెళ్లాను. తోమా ముందు నిలబడ్డాను. చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాను. బొక్క అక్కడే ఉంది. చూపుడువేలు పెట్టాను, దూరలేదు. ఆరేళ్ల వేలు కాదు కదా. చిటికెన వేలు పెట్టాను. లోపలికి, ఇంకొంచెం లోపలికి. మేకు తగిలింది. విరిగిన మేకు. పైకి వంగిన మేకు.

వేలు వెనక్కి లాగాను. రాలేదు.

బయట మొదటి చరణం అయింది. ఇంకోసారి లాగాను. రాలేదు. బొక్క డొక్కల దగ్గర ఉంది కాబట్టి నేను వంగాల్సి వచ్చింది. నా చెంప దాదాపు అపొస్తలుడి భుజానికి ఆనింది.

"సార్?" గుమ్మంలోంచి బీట్ ఆఫీసరు.

"పరిశీలిస్తున్నాను."

రెండో చరణం అయింది.

"సార్, ఇంకా?"

"పరిశీలన కొనసాగుతోంది."

మూడో చరణం మధ్యలో ఆమె లోపలికి వచ్చి, అటుపక్కకు తిరిగి చూసి, రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు ఎగిరిపడుతున్నాయి. పాట ఆగిపోయింది. కిటికీల నిండా మొహాలు. ఆ తర్వాతి పావుగంటలో సలహాలకు కొదవ లేదు. సబ్బు అన్నారు ఒకరు. బ్యాండు వాళ్లలో ఒకడు బండి గ్రీజు తెస్తానన్నాడు. ఫాదర్ సంచిలో రోగులకు పూసే నూనె చిన్న సీసాలో ఉందని ఎవరికో గుర్తొచ్చింది.

"అది చావుబతుకుల మీదున్నోళ్లకమ్మా," అన్నాడు ఫాదర్ ఇబ్బందిగా.

"మా సారు పరువు చావుబతుకుల మీదనే ఉన్నది ఫాదర్," అంది బీట్ ఆఫీసరు.

ఫాదర్‌కు కూడా నవ్వాగలేదు. నవ్వుతూనే, ఎదురుగా ఉన్న టీ కొట్టు నుంచి కొబ్బరినూనె తెమ్మని ఒకావిడను పంపించాడు.

ముసలాయన ఒక్కడే నవ్వలేదు. దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "గుంజకుండ్రి సారూ. గుంజితే ఇంకింత పట్టుకుంటది. వదులు చెయ్యుండ్రి. లోపల ఏమన్న ఉన్నదా? మూడేండ్లు చెక్కిన గని, నా వేలు లావు, పోలే."

"విరిగిన మేకు ఉంది," అన్నాను. "పైకి వంగి ఉంటుంది. లాంతరు కొక్కేనిది."

బీట్ ఆఫీసరు నవ్వు ఆపేసింది. "లాంతరు కొక్కెమా? మీకెట్ల తెలుసు సార్?"

పిల్లలూ, అక్కడ ఒక అబద్ధానికి చోటుంది. అంచనాగా చెప్పానని అనొచ్చు. నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ వంగిన వీపుతో అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. నా అబద్ధాలన్నీ నిటారుగా కూర్చుని చెప్పినవే.

"ఎందుకంటే ఆరేళ్లప్పుడు నా వేలు ఇందులోనే ఇరుక్కుంది," అన్నాను. "ఇది మా చావిడి స్తంభం. ఎడమవైపు మూడోది."

"మరి దివాణం నిలబడే ఉన్నదన్నరు?"

"లేదమ్మా. పన్నెండేళ్ల కిందటే లేదు. వాటాలు తెగక, కప్పు నిలవక, కూల్చి అమ్మేయమని నేనే సంతకం పెట్టాను. లారీ వచ్చిన రోజు ఊరికి కూడా వెళ్లలేదు. ఆ కర్ర ఎటు పోయిందో అడగలేదు."

 బీట్ ఆఫీసరు ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. ఆమె వెళ్లి నా బల్ల మీది తెల్లకాగితం, ప్యాడ్ తెచ్చుకుని, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "చెప్పుండ్రి సార్. మీ చెయ్యి ఖాళీ లేదు గద, నేను రాస్త."

యాభై మంది వింటుండగా, అపొస్తలుడి చంకలో తల పెట్టుకుని, నా వాంగ్మూలం నేను చెప్పాను. తండ్రి పేరు, తాత పేరు, ఊరు. ఫలానా ఇల్లు ఫలానా కాలంలో కూల్చడమైనది. సదరు స్తంభం ఆ ఇంటిదే. గుర్తు, లోపలి మేకు, నా వేలి మచ్చ. ఒక్కో వాక్యం చెప్తుంటే నాకు భయమేయాలి. బదులుగా కడుపులోంచి ఏదో బుడబుడమని పైకి వస్తోంది. ఏడుపనుకున్నాను. వచ్చింది నవ్వు. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. నేను నవ్వుతుంటే విగ్రహం ఊగుతోంది, విగ్రహం ఊగుతుంటే వేలు నొప్పి, నొప్పికి ఇంకా నవ్వు. అందరూ నవ్వారు. ఈసారి ముసలాయన కూడా.

"ప్రస్తుత స్థితి అని ఒక గడి ఉంటది సార్. ఏం రాయాలె?"

నేను తలెత్తి తోమాను చూశాను. "నిలబడి ఉంది, అని రాయి," అన్నాను.

కొబ్బరినూనె వచ్చింది. ముసలాయన చుక్క చుక్కగా పోసి, మణికట్టును అటూ ఇటూ తిప్పి, బాయిలో దిమ్మెను తప్పించినంత నెమ్మదిగా నా వేలిని విడిపించాడు. నూనె చేత్తోనే సంతకం పెట్టాను. ఇంటివాణ్ణి నేనే, ఆఫీసరునూ నేనే అయితే చెల్లదు కాబట్టి, ఫోన్ చేస్తే రేంజ్ ఆఫీసరు జీపులో వచ్చాడు. కాగితం చదివాడు. నా వేలు చూశాడు. తోమా నెత్తి చూశాడు. గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, "నేను గూడ పరిశీలించాలె గద," అన్నాడు. వేలు మాత్రం పెట్టలేదు, టార్చి వేసి చూశాడు. సంతకం పెట్టాడు.

నేను ముసలాయన దగ్గరికి వెళ్లాను. "మిమ్మల్ని దొంగ అన్నాను," అన్నాను.

"అన్నరు సారూ. నేను గూడ ఈ మూడు దినాలు మిమ్ముల లోపల్లోపల ఏమేమో అనుకున్న. బరాబరైంది."

"ఆ నెత్తి మీది ముద్రను రందా పట్టించి తీసేయండి. నేనే రాసిస్తాను."

ఆయన తోమాను ఎగాదిగా చూసుకున్నాడు. "ఉండనియ్యుండ్రి. ముద్రుంటే ఇంకేడా ఆపరు."

విగ్రహాన్ని నలుగురు భుజాలకెత్తుకున్నారు. బీట్ ఆఫీసరు రిజిస్టరు తెరిచి గట్టిగా చదువుతూ రాసింది: "పేరు, తోమా. వచ్చింది గలిలయ నుంచి, మద్రాసు, ఎర్రుపాలెం, తల్లాడ మీదుగా. సరుకు, ఏం లేదు. కాయిదాలు, ఉన్నయ్." ఆ పేజీని తర్వాత ఆడిటు వాళ్లు చూసి ఏమన్నారన్నది వేరే కథ. అడ్డకర్ర పైకి లేచింది. డప్పులు మొదలయ్యాయి.

ఆ రోజు నేను ఖాకీ బట్టల్లో, టోపీతో సహా, గుడి దాకా డాన్సు చేశానని ఆ పల్లెలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను తడి రోడ్డు మీద జారానని నా వాదన. రెండు కిలోమీటర్లూ జారారా సార్ అని బీట్ ఆఫీసరు అడుగుతుంది. ఆమె ఇప్పుడు సెక్షన్ ఆఫీసరు. పంచనామాలో ఆ వాక్యం రాసేముందు నిజంగానే చూస్తుందని విన్నాను. నా సర్వీసులో నేను ఎవరికైనా ఏమైనా నేర్పానంటే, తప్పు చేసి నేర్పింది అదొక్కటే.

ఏటా జూలై మూడున వాళ్లు నన్ను పిలుస్తారు. ముసలాయన ముందు వరసలో నాకు కుర్చీ వేయించి, పక్కన కూర్చుంటాడు. పిల్లలు వరసగా వచ్చి తోమా డొక్కలో వేలు పెట్టబోతే, "మెల్లగ! సారును అడుగుండ్రి!" అని కేకేస్తాడు. నేను ఆ కుర్చీలో వీపు ఆనించి కూర్చుంటాను.

ఇప్పటికీ పాత పరిచయస్థులెవరైనా ఎదురైతే, మీ దివాణం ఎలా ఉందని అడుగుతారు. నా జవాబు మారలేదు.

"నిలబడే ఉంది," అంటాను. "కావాలంటే వెళ్లి చూడండి. చేతిలో మూలమట్టం, నెత్తిన సర్కారు ముద్ర ఉంటాయి. వేలు మాత్రం పెట్టకండి."